అరవై మూడు కిటికీలు

ఓజెల్లా టార్ప్లీ విగ్రహానికి
భుజాలు రెండూ సమంగా పెట్టాడు శిల్పి.
ముసుగు తీసిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు,
నేనూ కొట్టాను.
కానీ ఆమె కుడిభుజం బెత్తెడు కిందికి వాలి ఉండేది.
పదకొండేళ్లు ఈ కోర్టు కిటికీలు తుడిచిన భుజం.
నిచ్చెన, వెనిగర్ కలిపిన నీళ్ల బకెట్,
ఉండచుట్టిన పాత పేపర్లు.
మిసిసిపీలో ఆ రోజుల్లో ఆ పేపర్లలో
మావాళ్ల పేర్లు చచ్చినా పడేవి కావు.

ఓటరుగా పేరు రాయించుకుంటానని వెళితే
గుమాస్తా సొరుగులోంచి ఒక ప్రశ్న తీశాడట.
నల్లవాళ్ల కోసం విడిగా దాచిన ప్రశ్నలు.
"ఈ భవనానికి కిటికీలెన్ని?"

"అరవై మూడండి," అంది ఓజెల్లా.
"పైన జడ్జిగారి గదిలో ఒకదానికి అద్దం పగిలి
అట్ట అడ్డం పెట్టారు.
దాన్నీ కలపమంటే అరవై నాలుగు."

తప్పు, అన్నాడు.
పుట్టి బుద్ధెరిగి ఒక్క కిటికీ లెక్కపెట్టినవాడు కాదు.

మళ్లీ వెళ్లింది. పత్తి ఏరడం అయ్యాక మళ్లీ.
మూడోసారికి పని ఊడింది,
ఆ ఏడు కోర్టు అద్దాలన్నీ మసకబారాయి.
వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరిని వెంటేసుకునేది:
గుర్రాలకి నాడాలు కొట్టే ఎఫ్రాయిమ్,
చర్చిలో ఆర్గన్ వాయించే లూవీనియా,
నత్తి ఉన్న డోసన్. పాపం వాడికి
అరవై మూడు అనడానికే అర నిమిషం పట్టేది.
రాత్రిళ్లు ఆమె వంటింట్లో పాఠాలు,
ముందు రాజ్యాంగం, తర్వాత కిటికీలు.

మా అమ్మమ్మ వెర్డీ కూడా ఉంది ఆ వరుసలో,
ఓజెల్లా వెనక మూడో మనిషి.
షెరీఫ్ జీపు దిగి
ఒక్కొక్కరి ముఖం చూస్తూ
వాళ్లు ఎవరింట్లో పనిచేస్తారో పైకి చెబుతూ నడిచాడు.
అతను మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి
అక్కడ మా అమ్మమ్మ లేదు.

ఇది మా ఇంట్లో ఎవరూ చెప్పుకోరు.
విగ్రహం కింద ఇత్తడి ఫలకం మీద
ఇరవై ఆరు పేర్లున్నాయి. ఆమె పేరు లేదు.
ఉండకూడదు కూడా.

ఆ సాయంత్రం వాన.
ఓజెల్లా మా గుమ్మంలో నిలబడింది.
అమ్మమ్మ పొయ్యి మీంచి తల ఎత్తలేదట.
"వెర్డీ, నా జోళ్లు నానిపోయాయి.
రేపటికి నీవి ఇస్తావా?"
అంతే. ఇంకో మాట లేదు.

అమ్మమ్మది ఆరో నంబరు, ఆమెది ఎనిమిది.
మడమలు తొక్కేసి ఈడ్చుకుంటూ నడిచి ఉంటుంది.
తిరిగివ్వలేదు, అమ్మమ్మ అడగలేదు.
తాతయ్య బూట్లలో గుడ్డపీలికలు కుక్కుకుని
తెల్లవాళ్లింటికి వంటకి పోయేది.
ఆ చలికాలమంతా
అమ్మమ్మ అక్కడ బిస్కెట్ల పిండి పిసుకుతుంటే
ఆమె జోళ్లు ఇక్కడ వరుసలో నిలబడ్డాయి.

ఓజెల్లా పేరు చివరికి ఏ తేదీన ఎక్కిందో
ఫలకం మీద ఉంది.
ఎన్నిసార్లు మెట్లెక్కి దిగిందో లేదు.

ఇప్పుడు ఆ గుమాస్తా బల్ల నాది.
సొరుగు లాగితే గుండుసూదులు, దగ్గుబిళ్లలు.
జడ్జిగారి గదిలో అట్ట తీసి అద్దం వేశారు.
ఏసీ పెట్టినప్పుడు రెండు కిటికీలు ఇటుకలతో పూడ్చేశారు.
బడిపిల్లలు చూడ్డానికొచ్చి ఎన్నని అడిగితే
అరవై మూడనే చెబుతాను.
తప్పే.
దిద్దుకోను.

నిన్న ఒక కుర్రాడు వచ్చాడు,
పద్దెనిమిది నిండి వారం కూడా కాలేదు.
చెవుల్లో పాట, చేతిలో సగం తిన్న డోనట్.
పేరు, చిరునామా, సంతకం.
నాలుగు నిమిషాలు పట్టింది,
అందులో రెండు పెన్ను వెతకడానికి.

"ఇంతేనా?" అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు.
"ఇంతే," అన్నాను.

వెళుతుంటే ఊరికే అతని జోళ్ల వైపు చూశాను.
లేసులు కూడా కట్టుకోలేదు.